మేలో 20.00, ఆగస్టులో 19.83, డిసెంబరులో 20.17: కార్డు మార్చాలా?

ముందు ప్రశ్న ఏమిటో రెండు ముక్కల్లో చెప్తాను, కొత్తగా చదివేవాళ్లకి తెలియాలి కదా. పైడిభీమవరం దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో రెండేళ్లుగా ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌గా చేస్తున్న తమ్ముడు అడిగాడు. డ్రయ్యర్ స్టీమ్ వాల్వుకి పీఎల్‌సీ (యంత్రాల్ని నడిపే కంప్యూటరు) అనలాగ్ అవుట్‌పుట్ కార్డు నుంచి 4–20 మిల్లీ ఆంప్ కరెంటు వెళ్తుంది; 4 అంటే 0 శాతం, 20 అంటే 100 శాతం. మేలో వాల్వు దగ్గర చూస్తే 100 శాతానికి సరిగ్గా 20.00 వచ్చింది. ఆగస్టులో 19.83కి పడిపోయింది, 0 శాతం దగ్గర 3.97. పీఎల్‌సీ స్కేలింగ్ (ఎంత శాతానికి ఎంత కరెంటు పంపాలన్న లెక్క) కాస్త పెంచి మళ్లీ 20.00 చేశాడు. డిసెంబరులో చూస్తే 20.17. కార్డు డ్రిఫ్ట్ అవుతోందని, అంటే దాని అవుట్‌పుట్ మెల్లగా జరిగిపోతోందని స్టోర్సులో కొత్తది అడిగాడు. వచ్చే నెల ఆడిట్ ఉంది, టెన్షన్‌గా ఉంది. ట్రాన్స్‌మిటర్లకి (పీడనం, లెవెలు లాంటివి కొలిచి కరెంటుగా పంపేవి) హార్ట్ కమ్యూనికేటర్‌తో (వాటి సెట్టింగులు మార్చే చేతి పరికరం) రేంజ్ మార్చి సరిచేయొచ్చా అని ఇంకో ప్రశ్న.

తమ్ముడూ, కార్డు మార్చకు. కనీసం ఇప్పుడే మార్చకు. నీ కార్డు బాగానే ఉందనీ, తడిసింది దారిలో కేబుళ్లు కలిసే నీ జంక్షన్ బాక్సనీ నా అనుమానం. ఎందుకో లెక్క చూపిస్తాను.

కరెంటు అవుట్‌పుట్ కార్డు పని ఒక్కటే: 20 పంపమంటే 20 పంపడం, దాని హద్దు లోపల దారిలో నిరోధం ఎంతున్నా సరే. అందుకే వైరు పొడవు పెరిగినా రీడింగు మారదు. కానీ దారిలో ఆ రెండు వైర్ల మధ్య ఇంకో దొంగదారి ఏర్పడితే? కార్డు 20 పంపుతూనే ఉంటుంది, అందులో కొంచెం పక్కదారి పట్టి వెనక్కి వెళ్లిపోతుంది. వాల్వు దగ్గర ఉన్న ఐ టు పీ కన్వర్టరుకి (కరెంటుని గాలి పీడనంగా మార్చేది) మిగిలిందే చేరుతుంది. ఐ టు పీ కాయిల్ సుమారు 170 ఓమ్‌లు అనుకో. టెర్మినళ్ల మీద తడి మట్టి, ఉప్పు, పౌడరు పేరుకుని 20 కిలో ఓమ్‌ల దారి ఏర్పడిందనుకో. 20 మిల్లీ ఆంప్‌లో 170ని 20,170తో భాగించినంత వంతు పక్కకి పోతుంది. అంటే 0.17. వాల్వుకి చేరేది 19.83. ఇదే లెక్క 4 దగ్గర వేస్తే 0.034 పోతుంది, చేరేది 3.966. నువ్వు రాసిన రెండు అంకెలూ ఇవే.

మే నెలలో బాక్సు ఎండి ఉంది, దొంగదారి లేదు. ఆగస్టులో వాన, పైగా మన వైపు సముద్రపు గాలి. నువ్వు ఆ నష్టాన్ని స్కేలింగులో పూడ్చావు, అంటే కార్డు చేత 20.17 పంపించావు. డిసెంబరుకి బాక్సు ఆరిపోయింది, పంపిన 20.17 మొత్తం వాల్వుకి చేరింది. కార్డు ఒక్కసారి కూడా తప్పు చేయలేదు.

అయితే ఇదంతా కాగితం మీద కూర్చుని వేసిన లెక్క. కార్డులో గెయిన్ తప్పు ఉన్నా ఇలాగే కనపడుతుంది, తప్పు కరెంటుతో పాటు పెరుగుతుంది. ఏది నిజమో తేల్చడానికి పది నిమిషాలు చాలు. ముందు ఆపరేటర్‌కి చెప్పి లూప్ మాన్యువల్‌లో పెట్టించు, పర్మిట్ తీసుకో, ఇంటర్‌లాక్ (ప్రమాదముంటే తనంతట ఆపేసే ఏర్పాటు) ఉంటే బైపాస్ రాయించు. ఇది ఉత్తుత్తి మాట కాదు. ఒకసారి నేను చెప్పకుండా వైరు ఊడదీశాను. కరెంటు సున్నా అయితే మూసుకునే రకం వాల్వు అది, టక్కున మూసుకుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి అన్న మాటలు ఇక్కడ రాయలేను.

పర్మిట్ చేతికొచ్చాక కార్డు టెర్మినల్ దగ్గర ఫీల్డు వైర్లు రెండూ తీసెయ్. కార్డుకి మీటరు మాత్రమే కట్టి 4, 12, 20 పంపు. అక్కడ సరిగ్గా వస్తే తప్పు కార్డుది కాదు. వైర్లు తిరిగి పెట్టి, మీటరుని అదే కార్డు టెర్మినల్ దగ్గర సిరీస్‌లో పెట్టి ఒకసారి, వాల్వు దగ్గర సిరీస్‌లో పెట్టి ఒకసారి చూడు. రెండింటి మధ్య తేడా ఎంతుందో అంత కరెంటు దారిలో పోతోంది. ఈ పని వాన కురిసిన మర్నాడు చెయ్. ఎండ కాసే రోజు చేస్తే అన్నీ బాగున్నాయనే వస్తుంది, మళ్లీ మొదటికొస్తావు.

ఇన్సులేషన్ చూడాలని మెగ్గర్ (ఎక్కువ వోల్టేజి పెట్టి ఇన్సులేషన్ కొలిచే మీటరు) పట్టుకెళ్లేవాళ్లున్నారు. పట్టుకెళ్లొచ్చు గానీ, కేబుల్ రెండు చివర్లూ విప్పి మాత్రమే. కార్డు తగిలి ఉండగా 500 వోల్టుల మెగ్గర్ పెట్టావంటే, అప్పుడు నిజంగానే కొత్త కార్డు అడగాల్సి వస్తుంది.

ఇంతకంటే ముందు అడగాల్సిన మాట ఒకటుంది: ఏ మీటరుతో చూశావు? మామూలు చేతి మీటర్లలో మిల్లీ ఆంప్ రేంజి ఖచ్చితత్వం రీడింగులో 1 శాతం, పైన మూడు కౌంట్లు (చివరి అంకెలో మూడు) అని రాసినవి చాలా ఉంటాయి. 20 దగ్గర 1 శాతమంటే 0.20, మూడు కౌంట్లంటే ఇంకో 0.03. నీ 19.83, నీ 20.17 రెండూ ఆ మీటరు తప్పు లోపలే ఉన్నాయి! రుతువుని బట్టి పద్ధతిగా మారుతోంది కాబట్టి నేను జంక్షన్ బాక్సునే అనుమానించాను. ఆ పద్ధతి లేకపోతే మొదట మీటరునే పట్టుకునేవాణ్ణి.

దీని వెనక నా సొంత కథ ఉంది. ఈ పనిలోకి వచ్చిన కొత్తలో గరివిడి వైపు ఒక ఫర్నేసులో నైట్ షిఫ్ట్. బుద్ధిమంతుణ్ణి కదా, ఖాళీగా ఉండలేక అవుట్‌పుట్లన్నీ చెక్ చేస్తూ పోయాను. ఒకటి 20.3 వస్తోంది, సరిచేశాను. రెండోదీ అంతే. తెల్లారేసరికి పదకొండు ‘బాగు’ చేశాను. పొద్దున్న మా సీనియర్‌కి గర్వంగా చెప్పాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, ‘ఏట్రా గుంటడా, పదకొండూ ఒకే రేత్రి పాడైపోనాయా? అన్నీ ఒకే పక్కకా?’ అన్నారు. నా చేతిలో మీటరు తీసుకుని వెనక మూత విప్పారు. 9 వోల్టుల బ్యాటరీ ఏడుకి దిగి ఉంది. బ్యాటరీ నీరసించిన చవక మీటర్లు చాలావరకు ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. నేను రాత్రంతా మీటరు తప్పుని పదకొండు కార్డుల్లోకి ఎక్కించాను. వాటిని వెనక్కి తేవడానికి రెండు రోజులు పట్టింది, ఎందుకంటే సరిచేయక ముందు ఎంత ఉండేవో ఎక్కడా రాసుకోలేదు.

అప్పటినుంచి రెండు అలవాట్లయ్యాయి. స్క్రూ ముట్టుకునే ముందు ఉన్నది ఉన్నట్టు రాస్తాను. తప్పులన్నీ ఒకే వైపు, ఒకే మోతాదులో ఉంటే ముందు నా చేతిలో ఉన్నదాన్ని అనుమానిస్తాను.

మంచి లూప్ క్యాలిబ్రేటర్ (ఇలాంటి కరెంటుని ఖచ్చితంగా కొలిచే పరికరం) లేకపోతే ఒక చిట్కా. 250 ఓమ్‌ల ప్రెసిషన్ రెసిస్టర్, 0.05 శాతమో అంతకంటే మంచిదో, ఒకటి కొనిపెట్టుకో. కరెంటు దాని గుండా పంపి, దాని మీద వోల్టేజి కొలువు. 4కి 1.000 వోల్టు, 20కి 5.000 వోల్టులు. మామూలు మీటర్లలో డీసీ వోల్టేజి రేంజి మిల్లీ ఆంప్ రేంజి కంటే చాలా నమ్మకంగా ఉంటుంది. మీటరులో ఫ్యూజు ఎగిరిపోయిందా లేదా అన్న గొడవ కూడా ఉండదు. 20 మిల్లీ ఆంప్ దగ్గర ఆ రెసిస్టర్‌లో 0.1 వాటు వేడి పుడుతుంది, కాబట్టి పావు వాటుది కాకుండా అర వాటో ఒక వాటో ఉన్నది తీసుకో. వేడెక్కితే దాని విలువే మారుతుంది.

ఇక అసలు క్యాలిబ్రేషన్ సంగతి. ప్యానెల్ ఆన్ చేసి కనీసం అరగంట గడవాలి, రిఫరెన్సు (పోల్చి చూసుకునే నమ్మకమైన పరికరం) కూడా ఆ గదిలోనే ఉండి ఆ వేడికి అలవాటు పడాలి. వేడి ఎంత పని చేస్తుందో చూడు: కార్డు డ్రిఫ్ట్ డిగ్రీకి స్పాన్‌లో (4 నుంచి 20 దాకా ఉన్న వెడల్పు) మిలియన్‌కి 50 వంతులని రాసి ఉందనుకో. కరెంటు పోయి ప్యానెల్ ఏసీ ఆగి లోపల 25 నుంచి 50 డిగ్రీలకి ఎక్కితే 0.125 శాతం కదులుతుంది, అంటే 16 మిల్లీ ఆంప్ స్పాన్ మీద 0.02. టాలరెన్సు (ఒప్పుకునే తప్పు) 0.2 శాతం అయితే అందులో సగానికి పైగా వేడే తినేసింది. ఏసీ ఆగిన మధ్యాహ్నం చేసిన క్యాలిబ్రేషన్ రాత్రికి తప్పుతుంది.

0, 25, 50, 75, 100 శాతాలు పంపు. 4, 8, 12, 16, 20 రావాలి. ముందు అన్నీ రాసుకో, ఏదీ ముట్టుకోకు. ఆ అయిదు అంకెల్ని పక్కపక్కన పెట్టుకుని చూడటమే ఈ పనిలో సగం. అన్నీ ఒకే మోతాదులో, ఉదాహరణకి అన్నీ 0.03 ఎక్కువ ఉంటే అది జీరో తప్పు. కింద సరిగ్గా ఉండి పైకి పోయేకొద్దీ పెరుగుతుంటే స్పాన్ తప్పు. కరెంటుతో పాటు సమాన నిష్పత్తిలో తగ్గుతుంటే, నీ విషయంలో లాగా, దారిలో కారుతోందేమో చూడు. 4, 8, 12, 16 బంగారంలా ఉండి 20 దగ్గర మాత్రం 16.7 అని ఆగిపోతే అది క్యాలిబ్రేషనే కాదు, లోడు, అంటే దారిలోని మొత్తం నిరోధం, ఎక్కువైంది. కార్డు 500 ఓమ్‌ల వరకే తోయగలదనుకుంటే, మధ్యలో ఎవరో ఇండికేటరూ ఐసొలేటరూ కలిపి 600 చేసి ఉంటారు. ఆ కార్డుని ఎంత ట్రిమ్ చేసినా (సర్దినా) పైన పెరగదు, కింద మాత్రం పాడవుతుంది. చివర్లు రెండూ సరిగ్గా ఉండి నడుమ ఒంగితే లీనియారిటీ తప్పు. దాన్ని జీరో, స్పాన్ స్క్రూలు బాగు చేయలేవు, అప్పుడు కార్డు మార్చమని నేనే చెప్తాను.

మా ఇంటి పక్కనే బొబ్బిలి వీణ ఉంది కాబట్టి ఒక మాట. శ్రుతి తప్పితే బిరడా తిప్పుతారు, అంతేగానీ మైనంలో కూర్చిన మెట్లు పీకరు. మెట్టు కదిలిందని తేలితే అప్పుడు బిరడాలతో కుస్తీ పట్టరు, మైనం కరిగించి మెట్టు మళ్లీ కూర్చుతారు. జీరో, స్పాన్ నీ బిరడాలు.

సరిచేయాల్సి వస్తే 4 దగ్గర జీరో, 20 దగ్గర స్పాన్, మళ్లీ 4, మళ్లీ 20. ఒకటి కదిపితే రెండోది కాస్త కదులుతుంది, అందుకే రెండు మూడు చుట్లు తిరగాలి. ఆ తర్వాత అయిదు పాయింట్లూ మళ్లీ రాయి. పైకి వెళ్తూ ఒకసారి, కిందికి దిగుతూ ఒకసారి కొలవమని ఫారాల్లో ఉంటుంది. కార్డుకి అది పెద్దగా అక్కర్లేదు, ఎలక్ట్రానిక్సులో కదిలే ముక్క లేదు. ఐ టు పీకి, పొజిషనర్‌కి (వాల్వు ఎంత తెరుచుకోవాలో సర్దేది), వాల్వుకి మాత్రం తప్పకుండా చెయ్. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తేడా వచ్చేది అక్కడే. 12 మిల్లీ ఆంప్‌కి ఐ టు పీ నుంచి 9 పీఎస్ఐ గాలి పీడనం రావాలి, ఎక్కుతూ 8.9, దిగుతూ 9.2 వస్తే ఎక్కడో పట్టేస్తోందని అర్థం.

12 బిట్ల కార్డు 0–20కి 4,096 మెట్లు వేస్తుంది. ఒక్కో మెట్టు దాదాపు 0.005 మిల్లీ ఆంప్. అంతకంటే సన్నంగా సరిచేయాలని గంటలు కూర్చోకు, అది మెట్టుకీ మెట్టుకీ మధ్య నిలబడలేదు. సీమెన్స్ పీఎల్‌సీలో 27,648 అని పెద్ద అంకె కనపడుతుంది, దాన్ని చూసి కార్డు అంత ఖచ్చితమని మోసపోకు. అది స్కేలు మాత్రమే.

హార్ట్ సంగతి. రేంజ్ మార్చడం వేరు, ట్రిమ్ వేరు. రేంజ్ అంటే ఎంత పీడనానికి 4, ఎంతకి 20 అని నువ్వు చెప్పే నిర్ణయం. సెన్సర్ ట్రిమ్ అంటే అది కొలిచే పీడనాన్ని సరిచేయడం. అవుట్‌పుట్ ట్రిమ్ అంటే లోపలి అంకెని కరెంటుగా మార్చే చోటుని సరిచేయడం. అవుట్‌పుట్ ట్రిమ్‌లో ట్రాన్స్‌మిటర్ తనకి తెలిసిన 4.00 పంపుతుంది, నీ రిఫరెన్సులో 4.02 కనపడితే ఆ 4.02ని కమ్యూనికేటర్‌లో ఎక్కిస్తావు, అది సర్దుకుంటుంది. తర్వాత 20కి అలాగే. సెన్సర్ తప్పుని రేంజ్ మార్చి దాచేస్తే, కమ్యూనికేటర్‌లో ఒక పీడనం, ప్యానెల్ మీద ఇంకో పీడనం కనపడతాయి. నీ తర్వాత వచ్చేవాడు ఏది నమ్మాలో తెలియక నిన్ను తిట్టుకుంటాడు. నేను తిట్టుకున్నాను, అందుకే చెప్తున్నా.

రెండు వైర్ల ట్రాన్స్‌మిటర్‌కి తడి తగిలితే కథ తిరగబడుతుంది. అక్కడ బాక్సులో కారిన కరెంటు ట్రాన్స్‌మిటర్ తీసుకునేదానికి కలుస్తుంది, రీడింగు పెరుగుతుంది. 24 వోల్టుల సప్లయి, 250 ఓమ్‌ల లోడు అనుకుంటే 4 దగ్గర టెర్మినళ్ల మధ్య 23 వోల్టులుంటాయి. 100 కిలో ఓమ్‌ల తడి చాలు, 0.23 మిల్లీ ఆంప్ కలుస్తుంది, అంటే 1.4 శాతం. నీ వాల్వు లూపులో ఒక శాతం తప్పడానికి 20 కిలో ఓమ్‌లదాకా తడవాలి, ట్రాన్స్‌మిటర్‌కి అందులో అయిదో వంతు తడి సరిపోతుంది. వానాకాలంలో ట్యాంకు లెవెలు ఊరికే పెరిగిందని ఆపరేటర్లు అంటే నవ్వకు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత పలాస వైపు ఒక యూనిట్‌కి వెళ్లాను. ఖాళీ ట్యాంకులు కూడా కాస్త లెవెలు చూపిస్తున్నాయి. ట్రాన్స్‌మిటర్లు ఒక్కటీ పాడవలేదు. బాక్సులు విప్పి నీళ్లు ఒంపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, బ్లోయరుతో ఆరబెడితే చాలావరకు దారికొచ్చాయి. ఒక బాక్సులో నీళ్లతో పాటు చీమల గూడు, ఓ బల్లి.

రిఫరెన్సు గురించి నీ ఆడిటర్ తప్పకుండా అడుగుతాడు. బజారులో కాటాకి తూనికలు కొలతల శాఖవాళ్లు ముద్ర వేసేటప్పుడు షాపువాడి రాళ్లతోనే పరీక్షించరు కదా, తమవి తెచ్చుకుంటారు. ఇక్కడా అంతే. నీ క్యాలిబ్రేటర్‌కి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకి గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబ్ సర్టిఫికెట్ ఉండాలి, ఆ ల్యాబ్ ప్రమాణాలు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా గొలుసుకట్టుగా కలవాలి. నువ్వు కొలిచేదాని టాలరెన్సు కంటే నీ రిఫరెన్సు నాలుగు రెట్లు మెరుగ్గా ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. కార్డుకి 0.2 శాతం అంటే 0.032 మిల్లీ ఆంప్, దాన్ని చూడటానికి 0.008కి నమ్మగలిగే పరికరం కావాలి. చేతి మీటరు మిల్లీ ఆంప్ రేంజి ఆ దరిదాపుల్లో కూడా ఉండదు.

కాగితాల్లో సరిచేయక ముందు అంకె, సరిచేశాక అంకె, రెండూ ఉండాలి. చాలాచోట్ల మొదటిది రాయరు. ఎందుకో నాకు తెలుసు. అది టాలరెన్సు దాటి ఉంటే డీవియేషన్ (హద్దు తప్పిందన్న నివేదిక) రాయాలి, కిందటిసారి బాగున్నప్పటినుంచి వచ్చిన బ్యాచ్‌ల మీద ప్రభావం ఉందా అని సమాధానం చెప్పాలి. దానికి భయపడి కిందటేడాది అంకెలే దించేస్తారు. అయిదు పాయింట్లూ మూడేళ్లుగా మూడో దశాంశం దాకా ఒకేలా ఉన్న ఫైలు నేను చూశాను. ఆడిటర్ కూడా చూశాడు.

నీ విషయంలో అయితే అంత భయం అక్కర్లేదు. వాల్వు నడిపేది టెంపరేచర్ కంట్రోలర్. వాల్వుకి వెళ్లే కరెంటు ఒక శాతం తప్పినా డ్రయ్యర్ వేడి చూసి అదే ఇంకాస్త తెరుస్తుంది, ఇంకాస్త మూస్తుంది. బ్యాచ్‌ని నిర్ణయించేది ఆ వేడిని కొలిచే సెన్సర్, దాని క్యాలిబ్రేషన్ కాగితం బాగుంటే నీ సమాధానం అక్కడే ఉంది. అదే డోసింగ్ పంపు స్పీడుకి వెళ్లే అవుట్‌పుట్ అయినా, వేరే రికార్డర్‌కి వెళ్లే అవుట్‌పుట్ అయినా ఇలా అనలేను. అక్కడ తప్పుని సర్దేవాడు ఎవరూ లేరు, ఒక శాతం తప్పితే ఒక శాతం మందు తప్పినట్టే.

ఎన్నాళ్లకోసారి చేయాలంటే, ఏడాదికోసారితో మొదలుపెట్టు, మూడుసార్లు వరసగా ‘సరిచేయక ముందు’ అంకె టాలరెన్సులో సగం లోపే ఉంటే గడువు పెంచమని అడుగు, దాటితే తగ్గించు. దాంతో పాటు మన వాతావరణానికి మేలో ఒకసారి, సెప్టెంబరు వానల్లో ఒకసారి ఊరికే చూసి రాసుకో. ముట్టుకోవద్దు, చూసి రాసుకోవడమే.

ఇప్పుడు ఈ వారం చేయాల్సింది. స్కేలింగులో నువ్వు పెంచింది పాత విలువకి తెచ్చి, ఎందుకు మార్చావో ఎందుకు వెనక్కి తెచ్చావో మార్పుల రిజిస్టర్‌లో నిజం రాయి. బాక్సు విప్పు. గ్లాండ్ (కేబుల్ బాక్సులోకి దూరే చోట ఉండే బిగింపు) పైనుంచి దిగి ఉంటే కిందికి మార్చించు, కేబుల్ బాక్సులోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు తిరగాలి, అప్పుడు నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. రబ్బరు గాస్కెట్ గట్టిపడి ఉంటే మార్చు. వాడని గ్లాండ్ కన్నాలకి ప్లగ్గులు పెట్టు, గుడ్డ కుక్కితే కుదరదు. తర్వాత మంచి వాన పడిన మర్నాడు కార్డు దగ్గరా వాల్వు దగ్గరా కొలిచి, ఆ రెండు రీడింగులూ, బాక్సు లోపల తడి ఉందో లేదో, మీటరు మోడలేమిటో ఇక్కడ రాయి. కార్డు దగ్గరే 19.83 వస్తే నా లెక్క తప్పినట్టు, అప్పుడు స్టోర్సువాళ్లతో మనిద్దరం కలిసి మాట్లాడదాం.